దోనె మీద ‘విజయ’ ఎవరు?

మా దోనె పొడవు 16 అడుగుల 2 అంగుళాలు. ఉప్పల్లో మా అపార్ట్‌మెంటు సెల్లార్లో నాకిచ్చిన కారు పార్కింగు సరిగ్గా 16 అడుగులు. ఆ రెండంగుళాలు పసుపు గీత దాటిన పాపానికి మూడేళ్ళపాటు అసోసియేషన్ మీటింగుల్లో నా పేరు మోగుతూనే ఉంది. కారేమో వీధిలో వేపచెట్టు కింద ఎండకి ఎండి, వానకి తడిసింది.

దోనె హైదరాబాదు దాకా ఎలా వచ్చిందంటే, ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. మా ఊరు కోనసీమలో గౌతమి పాయ ఒడ్డున, ఎదుర్లంకకి కాస్త ఎగువన. పశువులపాకలో దూలాలకి తాళ్ళు కట్టి దోనెని వేలాడదీసి ఉంచారు. ఇల్లు కొన్నవాళ్ళు దాన్ని చూసి, “పొయ్యిలోకి తప్ప ఇదెందుకండీ మాకు” అన్నారు. ఆ మాట అమ్మ చెవిన పడింది. ఇంకేముంది, డీసీఎం వ్యాను మాట్లాడాం, కొబ్బరాకులు చుట్టాం. పంతంగి టోల్‌గేటు దగ్గర ఒక కుర్రాడు టార్చి వేసి చూసి “శవపేటికా సార్?” అని అడిగితే కాదని నమ్మించి, తెల్లారేసరికి ఉప్పల్ చేర్చాం.

మా వాచ్‌మన్‌ది కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డు. చుట్టూ ఒకసారి తిరిగి, “మా దిక్కు పుట్టిల పోతం సార్, గుండ్రంగ ఉంటది. గిదేంది, తొట్టి లెక్కుంది” అని తేల్చేశాడు.

తొట్టి లాంటిదే. అడుగు భాగమంతా ఒకే మాను, లోపల తొలిచి చేసింది. దానికి అటూ ఇటూ జానెడు వెడల్పు పలకలు బిగించి ఎత్తు పెంచారు. పైన నీలం పెయింటు, పెచ్చులు పెచ్చులుగా. ఒక పక్క రేకు మాటు. అడుగున, హైదరాబాదు పొడి గాలికి మూడు ఎండాకాలాల్లో విచ్చుకున్న నెర్రె ఒకటి, వేలు పట్టేంత.

అన్నయ్య తెల్లాపూర్లో విల్లా కొన్నాడు. దోనెని నున్నగా గీకించి, పాలిష్ కొట్టించి, పైన మందపాటి అద్దం వేసి హాల్లో టీపాయ్ చేద్దామన్నాడు. “ఊరి గుర్తు కదరా.” నాకూ అందులో తప్పేమీ తోచలేదు, అబద్ధమెందుకు. కలప అడితి నుంచి వడ్రంగి వచ్చాడు, సాండర్ ప్లగ్గు పెట్టాడు, ఒక చివర మొదలెట్టాడు. నీలం దుమ్ము లేచింది. దుమ్ము కింద, లోపలి వైపు, ఏవో గీతలు. గీతలు కావు, అక్షరాలు. ‘వి’ కనిపించింది, తర్వాత ‘జ’. మిషను ఆపేయమని నేను అరిచిన అరుపుకి వడ్రంగి కరెంటు షాకనుకుని ప్లగ్గు పీకేశాడు.

దోనె మీద ‘విజయ’ అని చెక్కి ఉంది. ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో మూడు చరిత్రలు వచ్చిపడ్డాయి.

కాకినాడ నుంచి పెదనాన్న: 1953 వరదలో తాతయ్య ఈ దోనె మీదే లంకలోంచి నలభై మందిని గట్టుకి చేర్చారు, ఆ విజయానికి గుర్తుగా పెట్టిన పేరది. (నా చిన్నప్పుడు ఆయనే చెప్పినప్పుడు పన్నెండు మంది. అన్నయ్య పెళ్ళిలో పాతిక.) రాజమండ్రి నుంచి మేనత్త: తాతయ్యకి విజయ అనే చెల్లెలుండేది, చిన్నప్పుడే పోయింది, ఆవిడ పేరు. అన్నయ్య: కంపెనీ పేరేమో చూడు. అమ్మ ఒక్కతే “ముందు మొత్తం చదవండి, తర్వాత కథలు చెప్పుకోండి” అంది.

చదవాలంటే రంగు తియ్యాలి. మిషనుతో తీస్తే చెక్కుడు కూడా పోతుంది. పైగా పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధనలు మన దేశంలో 2016లోగానీ రాలేదు. ఆ దుమ్ము పీల్చకూడదు. మాస్కు పెట్టుకుని, తడిపి రుద్దే గరుకు కాగితంతో, తడి ఆరకుండా చూసుకుంటూ, ముందు ఒక మూల అరచేతంత మేర మెట్లు మెట్లుగా రుద్దాను. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పొర ఆగేలాగ. నీలం, దాని కింద ఆకుపచ్చ, మళ్ళీ నీలం, ఆ కింద గట్టిపడిపోయిన కీలు (తారు), చివరికి చెక్క. ఇదే పని పక్క పలక మీద చేస్తే నీలం, ఆకుపచ్చ, నీలం, ఆ వెంటనే చెక్క. కీలు లేదు. అంటే దోనె కొన్నాళ్ళు ఒట్టి మానుగా తిరిగింది, పలకలు తర్వాత వచ్చాయి. ఒక గంట పని, రెండు రూపాయల కాగితం ముక్క. మా గ్రూపులో ఎవరికీ తెలియని విషయం అప్పటికే ఒకటి తేలింది.

అక్షరాల గాళ్ళలో కీలు నిండి ఉంది. కిరసనాయిలు దూది అద్ది, పది నిమిషాలు ఆగి, చెక్కిన వెదురు పుల్లతో తోడాలి. ఇనుప మొన వాడితే కొత్త గీతలు పడతాయి. నాలుగు సాయంత్రాలు పట్టింది. ‘విజయ’ తర్వాత ‘మాఘ’, తర్వాత ‘శు’, ఆఖర్న తోక విరిగిన ‘గ’ లాంటిదేదో. చెక్కినవాడి చెయ్యి అక్కడ జారిందనుకున్నాను. అమ్మ లిఫ్టులో కిందికి దిగి, కళ్ళజోడు సర్దుకుని, వేలితో తడిమింది.

“అది అయిదురా. తెలుగు అయిదు. మా నాన్న పద్దు పుస్తకం నిండా ఇవే.”

విజయ, మాఘ, శు ౫. విజయ నామ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి. శ్రీపంచమి. విజయ మనిషీ కాదు, గెలుపూ కాదు, సంవత్సరం.

తెలుగు సంవత్సరాలతో చిక్కేమిటంటే అవి అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. విజయ మొన్న 2013–14లో వచ్చింది. అప్పటికి దోనె పాకలో వేలాడుతోంది. దానికి ముందు 1953–54. ఇంకా వెనక్కెళితే 1893–94. 1953 అనుకుంటే పెదనాన్న కథకి గండి పడుతుంది. గోదావరి వరద 1953 ఆగస్టులో వచ్చింది. విజయ నామ సంవత్సరం మాఘమంటే 1954 ఫిబ్రవరి. వరద వచ్చి వెళ్ళిన ఆరు నెలలకి పుట్టిన దోనె, వరదలో జనాన్ని ఎలా దాటించింది?

పెదనాన్నకి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత తాపీగా, “అయితే 1894దే అయ్యుంటుంది” అన్నారు. వరద కథ నిలబెట్టడానికి దోనెని అరవై ఏళ్ళు వెనక్కి తోసేశారు. నవ్వొచ్చింది గానీ, నా మనసూ అటే లాగింది. నూట ముప్పై ఏళ్ళ దోనె అని చెప్పుకోవడంలో ఉన్న రుచి వేరు.

సైన్సు వాళ్ళని అడిగితే తేలిపోతుంది కదా అని హబ్సిగూడ వైపు లాబులో పనిచేసే మిత్రుడి దగ్గరికి పోయాను. కార్బన్ డేటింగు మాటెత్తగానే టీ పక్కన పెట్టి నవ్వాడు. సుమారు 1650 నుంచి 1950 దాకా ఆ లెక్క నమ్మకంగా తేలదట, ఒకే కొలత నాలుగైదు కాలాలకి సరిపోతుందట. 1950ల మధ్య నుంచి అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఆ కార్బన్ ఒక్కసారిగా పెరిగింది కాబట్టి ఆ తర్వాతి చెక్కకైతే బాగానే పలుకుతుంది. “నీ రెండు తేదీలూ ఏరికోరి పనికిరాని చోటే పడ్డాయి. డబ్బులు దండగ చేసుకోకు” అన్నాడు. మంచివాడు.

కాలం చెప్పకపోయినా చెక్క ఏదో చెప్పేవాళ్ళున్నారు. బెంగుళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో కలప ఏ జాతిదో రుసుము తీసుకుని చూసి చెబుతారు. అడుగున పుచ్చి ఊడిపోతున్న చోట అగ్గిపెట్టెంత ముక్క, పలక మీంచి ఇంకో ముక్క కొరియర్లో పంపాను. మాను మామిడి, పలక టేకు. పలక సంగతి మా వడ్రంగి అంతకు ముందే చెప్పాడు, కొసన చిన్న పెచ్చు లేపి వాసన చూసి. “టేకే సార్. పాత తోలు వాసన కొట్టలే?” మామిడి అని చెప్పినప్పుడు మాత్రం నా మొహంలోకి జాలిగా చూశాడు. “మామిడి మాను, నీళ్ళల్ల తిరిగి, నూట ముప్పై ఏండ్లా? డెబ్బై అంటెనే దండం పెట్టాలె సార్.”

1894 మీద ఆశ అక్కడితో సగం చచ్చింది. మిగిలిన సగాన్ని పురుగు తినేసింది.

రేకు మాటు చెప్పాను కదా. కిరసనాయిలు డబ్బా కోసి, సాపు చేసి, చిన్న మేకులతో కొట్టిన రేకు. తుప్పు మీద చమురు రాసి, టార్చి పక్కవాటుగా పట్టుకుంటే ఇంగ్లీషు ఉబ్బెత్తు అక్షరాలు తేలాయి, ముందు సగం కోతలో పోయింది: ‘మా షెల్’. బర్మా షెల్. ఆ కంపెనీ మన దేశంలో 1928లో మొదలైంది, 1976లో ప్రభుత్వం తీసేసుకుంది. ఖాళీ డబ్బాలు ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఇళ్ళల్లో బియ్యానికో నీళ్ళకో తిరిగుంటాయి, అయినా అదొక హద్దు. రేకు ఒక మూల లేచి ఉంది. కింద చూస్తే చెక్క నిండా బెజ్జాలు, పెన్సిలు దూరేంతవి, ఒక్కో బెజ్జం లోపల సున్నం పూసినట్టు తెల్లటి గొట్టం. అది ఓడపురుగు. చెదలు, ముక్కపురుగు అలా సున్నం పెట్టవు. ఓడపురుగు బతకాలంటే ఉప్పునీరు ఉండాలి.

“మన దోనె మన కాలవ దాటి ఎక్కడికీ పోలేదురా” అని పెదనాన్న వంద సార్లు చెప్పి ఉంటారు. కాలవలోవి తియ్యటి నీళ్ళు, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చేవి. అందులో ఆ పురుగు పట్టదు. ఇంకో సంగతి, కాలవల్లో తిరిగే పడవలకి 1890 నాటి మద్రాసు కాలువలు, రేవుల చట్టం కింద లైసెన్సులుండేవి. ఆ చట్టం చూద్దామని ఒక రోజు అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పోయి కూర్చున్నాను. లైసెన్సు పడవకి ఒంటి మీద నంబరు వేయించేవారని మా ఊరి పెద్దలు చెబుతారు. మా దోనెకి నంబరు లేదు, నంబరు చెరిపిన గుర్తూ లేదు. లైబ్రరీ నుంచి బయటికొచ్చి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూసి వచ్చాను. 1908 మూసీ వరదలో నూటయాభై మంది దాకా ఎక్కి బతికిన చెట్టు. నగరంలో దోనెలు లేకపోతే జనం చెట్టెక్కారు. ఆ రోజు నాకు దొరికింది అంతే.

అసలు సంగతి కాగితం చెప్పింది. తాతయ్య కావిడిపెట్టె మేనత్త దగ్గర ఉంది. దోనె గురించి ఏమైనా ఉందేమో చూడమంటే వారం రోజులు పలకలేదు. ఒక రాత్రి పదకొండింటికి నాకు విడిగా రెండు ఫోటోలు వచ్చాయి, వెనకే ఒక మెసేజీ: “గ్రూపులో పెట్టకురా.”

ప్రోనోటు. శార్వరి నామ సంవత్సరం, 1960. రేవులో దోనె వేసే ఆయన మా తాతయ్య దగ్గర 150 రూపాయలు అప్పు తీసుకుని, “నాకు సొంతమైన మామిడి దోనె ఒకటి” హామీగా పెట్టాడు. సంతకం లేదు, స్టాంపు మీద వేలిముద్ర. వెనక తాతయ్య చేతిరాతలో జమలు: పది, పది, పది. మూడో పది తర్వాత కాగితం ఖాళీ. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకి ఈ కాగితం చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది, అందుకని మధ్య మధ్య ఎంతో కొంత జమ రాయించుకుంటారు. జమ ఆగిందంటే ఇంకేదో జరిగిందని. ఇక్కడ ఏం జరిగిందో మా పాకలో ఏళ్ళ తరబడి వేలాడింది.

‘మా దోనె’ అంటున్నామే, ఆ మాట ఎవరు ఎవరితో అన్నా అందులో తెడ్డు వేసేవాడు ఎప్పుడూ లేడు. తాతయ్య వేలంలో రేవు పాట పాడేవారు, నిజం. రేవు ఆదాయం లెక్క ఆయనది. దోనెలో ఆయన ఎప్పుడూ మధ్యలో కూర్చునేవారు. నేనూ చిన్నప్పుడు మధ్యలోనే కూర్చున్నాను. కొసన నిలబడి గెడ వేస్తున్న మనిషి కాళ్ళు గుర్తున్నాయి, మొహం గుర్తులేదు.

నోటులో ఇంటిపేరు ఉంది. ఊళ్ళో కొబ్బరికాయల వ్యాపారి ద్వారా వాకబు చేస్తే, ఆ కుటుంబం యానాం వైపు వెళ్ళిపోయిందని, మనవడు మాత్రం హైదరాబాదులోనే లిఫ్టు మెకానిక్కని తెలిసింది. నిజాంపేటలో ఉంటాడట. మేం మూడేళ్ళుగా గోదావరి కోసం వెతుకుతుంటే అది మియాపూర్ మెట్రోకి అవతల ఉంది. ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక రెండు రోజులు తటపటాయించాను. ఎత్తినతను అంతా విని, “మా నాన్న ఇక్కడే ఉన్నాడండి, కంటి ఆపరేషనుకి వచ్చాడు. ఆదివారం తీసుకొస్తాను” అన్నాడు.

అమీర్‌పేటలో మెట్రో మారి ఉప్పల్ వచ్చారు. పెద్దాయనకి 76 ఏళ్ళు, కంటికి పచ్చ గంత. సెల్లార్లో దోనె కనపడగానే చెప్పులు విడిచేశాడు. నేను తాతయ్య సంగతి, సంవత్సరం సంగతి చెప్పబోతే వినిపించుకోలేదు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అంచు కింద చెయ్యి పోనిచ్చుకుంటూ నడిచాడు. అక్షరాలున్న చివర ఆగి, నా వైపు తిరిగాడు.

“దీన్ని తిరగేసి పెట్టారేటండి బాబుగారూ? అణియం అటండి. ఇది అమరం.”

మూడేళ్ళుగా మేం దోనె ముక్కు అనుకుంటున్నది తోక. అక్షరాలు ముందు వైపు చెక్కలేదు, గెడ వేసేవాడి కాళ్ళ దగ్గర, వాడికి మాత్రమే కనపడేలా చెక్కారు. నన్ను బాబుగారూ అనొద్దు అన్నాను. “ఆయ్, అలాగేనండి బాబుగారూ” అన్నాడు.

కొడుకు స్టూలు తెచ్చాడు, కానీ ఆయన నేల మీదే కూర్చున్నాడు. కథ ఒక వరసలో చెప్పలేదు. చెయ్యి ఎక్కడ పడితే అక్కడి నుంచి చెప్పాడు. లోపల అడుగున నల్లటి మచ్చలుంటే నేను కుళ్ళు అనుకుని ఫోటోలు తీసి పెట్టుకున్నాను. అది కుళ్ళు కాదు, కాలిన మచ్చ. మాను లోపల కొబ్బరి డొక్కలు పేర్చి నిప్పెట్టి, మాడిన మేరకి బాడిసతో చెక్కి, మళ్ళీ నిప్పెట్టి, మళ్ళీ చెక్కారట. “నాకు ఆరేళ్ళండి. డొక్కలు అందించడం నా పని. ఏలు కాల్చుకున్నాను కూడా.” చూపుడు వేలు చూపించాడు. ఆపరేషను కంటికి కనపడిందో లేదో గానీ, నాకు మాత్రం మచ్చ కనపడింది.

మామిడి చెట్టు ఎక్కడిదని అడిగాను.

“వరదదండి. ఏళ్ళతో సహా కొట్టుకొచ్చి మా రేవులో అడ్డం పడింది. మా పాత దోనె ఆ వరదలోనే పోయింది. ఏ చెట్టూ కొనే తాహతు మాకేదండి, గోదారే పంపించింది.”

అంటే వరదలో తిరిగిన దోనె కాదు, వరద తెచ్చిన దోనె. పెదనాన్న సగం పాసయ్యారు.

టేకు పలకల సంగతి వచ్చేసరికి కొంచెం ఆగాడు. ఒట్టి మాను దోనెలో నలుగురెక్కితే నీళ్ళు అంచుకి వచ్చేవి. ఎత్తు పెంచితే పదిమంది ఎక్కుతారు, రేవు గిడుతుంది. అందుకని పలకలు కొన్నారు. “మీ తాతగారి దగ్గర పుచ్చుకునే కొన్నాడండి మా నాన్న.” నాకు వెంటనే ఆ మెట్లు గుర్తొచ్చాయి, పలక మీద లేని కీలు పొర. 150 రూపాయలు ఏమయ్యాయో మా సెల్లార్లోనే ఉంది, నలచదరం చేతి మేకులతో బిగించి.

పురుగు ఎక్కడ పట్టిందంటే, రేవు గిట్టని రోజుల్లో రాత్రిపూట కోరంగి మడ అడవిలోకి పీతలకి పోయేవారు. రేకు మాటు ఆయనే కొట్టాడు, పెళ్ళయిన కొత్తలో. దోనె పేరుకి మా తాతయ్యదయ్యాక కూడా గెడ వేసింది వీళ్ళే. 1986 ఆగస్టు వరదలో, భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకెక్కిన ఆ వరదలో, లంకలోంచి జనాన్ని గట్టుకి తెచ్చింది ఈయనే. ఎంతమందిని అని అడిగాను, మా ఇంటి అలవాటు కొద్దీ.

“లెక్కెట్టలేదండి. గొడ్లు కూడా ఉన్నాయి కదండీ.”

2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చింది. తర్వాత మా రేవు కూడా నెమ్మదిగా పడుకుంది, దోనె పాకలోకెక్కింది.

అమ్మ కాఫీలతో పాటు నోటు ఫోటో ప్రింటు కాదు, అసలు నోటే తెచ్చింది. మేనత్త పోస్టులో పంపిందట, నాకు చెప్పలేదు. పెద్దాయనకి చదవడం రాదు. కొడుకు చదివి వినిపించాడు. అంతా విని, “ఇంకా ఎంతుందిరా?” అన్నాడు. నూట ఇరవై అన్నాడు కొడుకు. ఆయన చొక్కా లోపలి జేబులోంచి ఒక వంద, రెండు పదులు తీసి అమ్మ ముందు పెట్టాడు. వద్దని నేను ముందుకి వస్తుంటే అమ్మ నా వైపు చూసిన చూపుకి ఆగిపోయాను. తను డబ్బు తీసుకుంది. లెక్కపెట్టింది. నోటు మీద వేలిముద్ర ఉన్న ముక్క చింపి ఆయన చేతిలో పెట్టింది, బాకీ తీరితే అలాగే చేస్తారు. వడ్డీ మాట ఇద్దరూ ఎత్తలేదు.

అన్నయ్యకి చెబితే ముందు కోపమొచ్చింది. “మంచి టీపాయ్ పోయింది కదరా” అన్నాడు. రెండు రోజుల తర్వాత డీసీఎం డబ్బులు తనే వేశాడు.

బాగుచేయడం యానాం వైపు, పడవలు కట్టేవాళ్ళ షెడ్డులో. పంపేముందు పెద్దాయన చెప్పినట్టు మూడు వారాలు తడి గోనెసంచులు కప్పి ఉంచాం. ఎండిన మానుని ఒక్కసారిగా కుదుపుల్లో వేస్తే నెర్రె నిలువునా పోతుందట. బోరు నీళ్ళ వాడకం మీద అసోసియేషన్ నుంచి ఇంకో నోటీసు వచ్చింది, అది వేరే కథ. పుచ్చిన పలక మేరకి కొత్త టేకు వద్దని, ఇక్కడ పాత ఇల్లు కూల్చిన చోట దొరికిన దూలం ముక్క మా వడ్రంగి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఫైబర్ పూత వెయ్యొద్దని నేను, పెద్దాయన ఒకే మాట మీద ఉన్నాం. బయటంతా మూసేస్తే లోపల తడి చిక్కుకుని మాను లోలోపలే కుళ్ళుతుంది. జీడి నూనె చాలు. రేకు మాటు మాత్రం తీసేద్దామన్నాడు, తన పని తనకే నచ్చలేదట. నేను బతిమాలి ఉంచాను. మెట్లు మెట్లుగా రుద్దిన అరచేతంత చోటు కూడా అలాగే ఉంటుంది. మిగతా రంగు తడిపి గీకేస్తారు. అక్షరాల్లో మళ్ళీ కీలు నింపుతారు, మొదట ఉన్నట్టు.

దోనె వెళ్ళిన పదో రోజు అన్నయ్య ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది. “గ్రూపు చూశావా? ముంచేశారురా!” చూస్తే పెద్దాయన కొడుకు పెట్టిన ఫోటో. కాలవ ఒడ్డున నిండా నీళ్ళు, నీళ్ళ మీద రెండు నీలం అంచులు, వేలెడు మేర. మిగతా దోనె లేదు. వెంటనే పెద్దాయనకి కలిపాను.

“ములిగిపోలేదండి బాబుగారూ, నానబెట్టాం. నెర్రె మూసుకోవద్దా? మాఘంలో పైకి తీత్తాం.”